వచ్చినట్టే వచ్చిన సీటు

ఒక్క 'ట్టే' నా పరువును ఎట్లా ముంచిందో చెప్తాను, వినండి. గంగలో ముంచింది అందామంటే మా ఊరు యాడికి చుట్టుపక్కల అన్ని నీళ్లెక్కడివి?

ఎంబీబీఎస్ అయ్యాక, ఎం.డి., పీహెచ్‌డీ రెండూ కలిపి చదివించే కోర్సుకు ఇంటర్వ్యూకి వెళ్లాను. ఉన్నవి రెండే సీట్లు. తిరుగు బస్సులో కూర్చుని నా అవకాశాలు బేరీజు వేశాను. పెద్ద మేడం నేను మాట్లాడినంతసేపూ తలూపుతూనే ఉంది. అది మెచ్చుకోలు! (కునికిపాట్లేమోనన్న అనుమానం చాలా ఆలస్యంగా వచ్చింది లెండి.) "దేని మీద పరిశోధన చేస్తావమ్మా?" అని పక్కనున్న సార్ అడిగితే "మీరేది చెప్తే అది సార్" అన్నాను. అది వినయం! పైగా చివర్లో "మీ ఊరికి బస్సుందా?" అన్నారు. అక్కర్లేని పిల్లను అట్లా అడుగుతారా, మీరే చెప్పండి. తాడిపత్రి దాటేసరికి సీటు ఖాయమైపోయింది.

గడప తొక్కగానే నాయన ఎదురొచ్చాడు.

"ఏం పాపా, సీటు వచ్చిండాదా?"

"వచ్చినట్టే నాయనా."

నాయన ముఖం వాడింది. మెట్ట సేద్యం మనిషి కదా. "మన పక్క వాన గూడా దినామూ వచ్చినట్టే ఉంటాది మే" అన్నాడు.

మంచం మీద మజ్జిగ తాగుతున్న మా మేనమామకు మాత్రం 'ట్టే' వినబడలేదు. వార్డు మెంబరుగా ఓడినప్పటి నుంచీ ఫ్లెక్సీ వేయడానికి వంక వెతుకుతున్న మనిషి.

"ఏం కోర్సు మే అది?"

"డాక్టరు మీద ఇంకో డాక్టరేటు మామా."

"అంటే డబులా!" అని గ్లాసు పక్కన పెట్టి లేచాడు.

మర్నాటికి బస్టాండులో ఫ్లెక్సీ! ఆలు లేదు, చూలు లేదు, కూతురి పేరు డబుల్ డాక్టర్. చేతులు జోడించిన మామ నిలువెత్తున ఉన్నాడు. నేను మూలన తపాలా బిళ్లంత ఉన్నాను.

"దించు మామా, ఇంకా రాలేదు!"

"ఊరుకో మే. వచ్చినట్టే అని నువ్వే చెప్తివి గదా!"

"ఏమప్పా, నీ కూతురు డబులంట గదా!" అని దారిన పోయేవాళ్లంతా ఆపి అడుగుతుంటే, నాయన కూడా మెల్లగా నమ్మడం మొదలుపెట్టాడు. నాకు అన్నం సహించలేదు.

ఫలితాలొచ్చాయి. నా పేరు లేదు. వెయిటింగు లిస్టులో కూడా లేదు.

ముసుగు తన్ని ఏడ్చాను. నాయన బస్టాండుకు పోయి ఫ్లెక్సీ విప్పి, చుట్టి, ఊరంతా చూస్తుండగా చంకన పెట్టుకుని వచ్చాడు.

ఆ వారమే, ఏడాదంతా సరిగ్గా రాని వాన నిజంగా వచ్చింది. పెరికి వామి వేసిన వేరుశనగ చేలోనే ఉంది. ఏడాది కష్టమంతా అదే. నేను పరుగెత్తి వెళ్లేసరికి నాయన వామి మీద ఫ్లెక్సీ కప్పి, అంచులకు రాళ్లు పెడుతున్నాడు. ఫ్లెక్సీలోని మామ ఆకాశానికి దండం పెడుతున్నాడు.

"తడిసినాయా నాయనా?"

"తడిసినట్టే అనుకుంటి. నీ ఫ్లెక్సీ కాపాడింది. నీకు సీటు యాడొచ్చిందో చూడు పాపా, వామి మీద!"

ఇద్దరం వానలో తడుస్తూ పడీపడీ నవ్వాము. తడిమట్టి వాసన వస్తే ఇప్పటికీ ఆ నవ్వే గుర్తొచ్చి, నాయన మీద బెంగ పుడుతుంది.

మరుసటేడు నిజంగానే సీటొచ్చి ఫోను చేస్తే, "ట్టే ఉండాదా, లేదా?" అన్నాడు.

"లేదు నాయనా!"

"అయినా మీ మామకు చెప్పొద్దులే."

కాబట్టి పెద్దలారా, నాయన వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో 'ట్టే' జోలికి పోను. నిన్న నాయన "పీహెచ్‌డీ అయిపోయెనా పాపా?" అని అడిగితే, "అయిపోయిన..." దాకా వచ్చి నాలుక కరుచుకున్నాను.