రెండు పాటల గాయని వీట్స్కె

వీట్స్కె వృత్తి బరోక్ సంగీతం. అంటే మూడొందల ఏళ్ల కింద చచ్చిపోయినవాళ్ల పాటలు బతికున్నవాళ్లకు వినిపించడం. నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్లాండ్‌లో ఈస్టర్ ముందు ఊరూరా చర్చిలో యేసు శ్రమల గానం జరుగుతుంది. ప్రతి ఊరికీ ఒక సోప్రానో, అంటే పైస్థాయిలో పాడే గాయని, కావాలి. ఆవిడ మూడు గంటలు నిటారుగా కూర్చుని రెండు పాటలు పాడాలి. మిగతా సేపంతా దగ్గకుండా ఉండటమే పని. ఆ పనిలో ముప్పై ఏళ్లుగా వీట్స్కెకు తిరుగులేదు.

సొంత ఊళ్లో గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం పాడేది. అక్కడ చప్పట్లు కొట్టరు. క్రీస్తు పోయిన రోజున చప్పట్లేమిటి? అందరూ స్వరాల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, తలెత్తకుండా విని, కాఫీకి పోతారు. మరుసటి ఏడు పిలుపొస్తే బాగా పాడినట్టు లెక్క.

ఆ చోటు ఆవిడకు దక్కిన తీరు వేరే కథ. అంతకుముందు పాడే హిస్కెకు ఓ ఏడు గొంతు పోతే, వీట్స్కెను పిలిచారు. హిస్కెకు వారం తిరక్కుండానే గొంతొచ్చింది. పిలుపు మాత్రం మళ్లీ రాలేదు. పాపం, చచ్చేదాకా వీట్స్కె ఎదురైతే సైకిలు పక్క సందులోకి తిప్పేసేది.

ఈ ఏడు గుడ్ ఫ్రైడే పొద్దున లేచేసరికి వీట్స్కె గొంతు పూడుకుపోయింది. లికోరైస్ అనే నల్లటి ఉప్పు బిళ్లలు డబ్బాడు చప్పరించింది. నాలుక నల్లబడింది గానీ గొంతు విడలేదు. అప్పటికప్పుడు దొరికే మనిషి ఒక్కతే, తన శిష్యురాలు నీన్కె. ఫోను పట్టుకుని గంటసేపు కూర్చుంది. పిలిస్తే చోటు పోతుంది, పిలవకపోతే పాట పోతుంది. చివరికి తిట్టుకుంటూనే నొక్కింది.

“రెండింటికల్లా చర్చిలో ఉండు. నల్లగౌను వేసుకో.”

“నా వల్ల అవుతుందా, టీచర్?”

“నా వల్ల ఎలాగూ కాదు. నోర్మూసుకుని రా.”

ముప్పై ఏళ్లలో మొదటిసారి జనంలో కూర్చుంది. తప్పులు పట్టడానికి పెన్సిల్ కూడా తెచ్చుకుంది. నీన్కె పాట ఎత్తుకుంది. మొదటి పేజీలో తప్పు దొరకలేదు. రెండో పేజీ తిప్పడం వీట్స్కె మరిచేపోయింది. తను దొంగతనంగా ఊపిరి తీసుకునే చోట ఆ పిల్ల అసలు తీసుకోనేలేదు. ‘అయిపోయింది, ఇక నా చోటు నాది కాదు’ అనుకుంది. ఈర్ష్య పడుతూనే కళ్లు తుడుచుకుంది. పాట ఆగగానే ఆవిడ చేతులు చప్పట్లు కొట్టేశాయి.

ఒకటి కాదు, ఏడెనిమిది. చర్చి చర్చంతా తలెత్తి చూసింది.

కాఫీ దగ్గరికి గాయక బృందం పెద్ద ఔకె వచ్చాడు. రిటైరైన పశువుల డాక్టరు.

“ఏమ్మా వీట్స్కె, ఇవాళ చప్పట్లేమిటి? సిగ్గనిపించలేదూ?”

“లేదు.”

ఆయన నీన్కె వైపు తిరిగాడు. “వచ్చే ఏడు కూడా నువ్వే వస్తావా, అమ్మాయ్?”

“అప్పటికి టీచర్‌కి గొంతు వచ్చేస్తుంది కదండీ,” అంది నీన్కె నేల చూపులు చూస్తూ.

“వస్తుంది,” అంది వీట్స్కె బొంగురుగా. “వచ్చినా సరే, నువ్వు ఒప్పుకో, పిచ్చిమొహమా. నేను ముందు వరసలో కూర్చుంటా.”

ఔకె గాభరా పడ్డాడు. “ఊరికే కూర్చుంటావు కదమ్మా?”

“మాటివ్వలేను,” అంది వీట్స్కె.