జీడితోటలో జీపీఎస్‌

ఇప్పుడు మీ ఫోన్లని దారి అడిగితే చాలు, పలాస స్టేషన్ నుంచి మన గుమ్మం దాకా చెప్పేస్తున్నాయి కదర్రా. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, మనం ఎక్కడున్నామన్న చిన్న ముక్క తెలుసుకోవడానికి ఆకాశాన్ని బతిమాలుకోవాల్సి వచ్చేది. ఉద్దానంలో నూతి నీళ్లు పరీక్షకు పట్టే పని మాది. కిడ్నీ జబ్బులు ఎందుకొస్తున్నాయో తేలాలంటే ఏ నుయ్యి ఎక్కడుందో జీపీఎస్‌ మిషన్‌లో గుర్తు పెట్టాలి. గుర్తు పడని నూతి సీసాని జీపు ఎక్కించకూడదని మా పెద్దసారు ఆర్డరు. మిషన్ చూస్తే సబ్బుపెట్టెంత, పొగరు మాత్రం జమీందారుది (మందస కోటలో పుట్టిందేమో అనుకునేదాన్ని). పైన తెరిపిగా ఉంటేనే పలికేది. కొబ్బరిచెట్ల కింద నీళ్లు నమిలేది, జీడిచెట్ల కింద నోరే విప్పేది కాదు.

ఆ సాయంత్రానికి మిగిలింది ఆ ఊళ్లో నేను వదినా అని పిలిచే ఆవిడ నుయ్యి ఒక్కటే (వరసకి ఏమీ కాదు, పిలుపు అలా కుదిరింది). ఆవిడ భర్తకీ అదే జబ్బు. పిల్లలు తాగే నీళ్లు మంచివో కావో తేల్చుకోవాలని, పొద్దున్నుంచీ సీసా నింపి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నుయ్యేమో గుబురు జీడితోట మధ్యన. ఇసకలో నడిచి నడిచి నా కాళ్లు నావి కావు. టెక్కలి తిరిగి వెళ్లాలని రోడ్డు మీద డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

చెయ్యి పైకెత్తి చూశాను. తెర మీద సిగ్నల్ గీత ఒక్కటీ లేవలేదు. మన ఒళ్లే సిగ్నల్‌కి అడ్డమవుతుందని ఎవరో చెప్పగా విన్నాను. అందుకని వదిన చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని, దాని మీద మిషన్ పెట్టి, కొమ్మల సందున కాస్త ఆకాశం కనబడేచోట బిందె ఎత్తుకున్నదానిలా నిలబడ్డాను. తెర నాకు కనబడదు కాబట్టి వదిన నూతిగట్టు ఎక్కి చూసి చెప్పాలి.

"గీతలు లేస్తున్నాయా వదినా?"

"లేత్తన్నాయి బుల్లీ. ఓలమ్మ, నాను వంగితే పడిపోతన్నాయి."

వెనక్కి తగ్గితే చూసేవాళ్లు లేరు. ముందుకు వంగితే ఆవిడ తలే ఆకాశానికి అడ్డం. ఆవిడ వంగడం, గీతలు పడటం, నా మెడ పట్టేయడం. ఇంతలో తోటలోంచి వెళుతున్న ముసలమ్మ ఒకామె ఆగి, నా కాళ్ల మీద చెంబుడు నీళ్లు పోసి దండం పెట్టింది. అమ్మవారి ఘటం ఎత్తుకొచ్చాననుకుందట. కాదని చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను (ఈ సంగతి విని, నేను దీవించానని కూడా డ్రైవరు ఆఫీసులో కలిపి చెప్పాడు, అది అబద్ధం).

చివరికి ఇద్దరం విసిగిపోయాం. మిషన్ని గట్టు మీద వదిలేసి దూరంగా ఇసకలో కూలబడ్డాం. వదిన సీసా మూత తిప్పుతూ, "నువ్వేటి సేత్తావులే బుల్లీ. అందరి నూతులూ అగుపడినాయి, నా నుయ్యే అగుపడనేదు" అంది. అప్పుడు కూసింది మిషన్. వంగేవాళ్లూ మోసేవాళ్లూ లేకుండా, గట్టు మీద హాయిగా, గీతలన్నీ నింపుకుని.

వదిన దాని వంక ఎగాదిగా చూసి, "ఇంతసేపూ మన మొకాలు సూసి రానేదేటి?" అంది.

గుర్తు పెట్టాను. సీసాని వదినే తన చేత్తో జీపులో పెట్టింది.

ఇప్పుడు కాసేపు నిలబడితేనే మోకాళ్లు మొరాయిస్తున్నాయి. కాళ్లు తడిసి, నెత్తిన సబ్బుపెట్టెతో గడకర్రలా నిలబడ్డ ఆ పిల్లని తలుచుకుంటే, కాస్త పక్కకి తప్పుకుని కూర్చోవే, దానంతటదే వస్తుంది అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేది కాదనుకోండి.