ఎవరికి వాయిస్తున్నారండీ?

నేను వయొలిన్ వాయిస్తానని తెలియగానే మన తెలుగువాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది. "అలాగా! ఎవరికి వాయిస్తున్నారండీ?" అట్లాంటా పక్కన అల్ఫారెట్టాలో ఇండియన్ స్టోర్లో బెండకాయలు ఏరుకుంటుంటే అడిగారు. పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని పడుకుని ఉంటే అడిగారు, ఆవిడా తెలుగావిడే. పాడేవాళ్లని ఎవరికి పాడుతున్నారని ఎవరూ అడగరు. వీణ వాయించేవాళ్లనీ అడగరు. ఫిడేలు పట్టుకున్నవాళ్లే లోకువ. మనవాళ్ల దృష్టిలో ఫిడేలంటే పాడేవారి పక్కన కూర్చునేది, కూరలో కరివేపాకు. "ఎవరికీ కాదండీ, నా సంగీతం నేనే వాయించుకుంటాను" అంటే, పాపం ఛాన్సులు రావడం లేదు కాబోలని జాలిపడతారు. ఒళ్లు మండిపోతుంది నాకు.

నాకు ఫిడేలు నేర్పిన గురువుగారు విజయవాడలో బతుకంతా పక్కవాద్యమే వాయించారు. ఆయన పాఠం ఒక్కటే. పాడేవాళ్లు ఒక సంగతి వేశారా, ఆ సంగతి గాలిలో ఉండగానే నీ తీగల మీద అచ్చంగా పలకాలి. తగ్గకూడదు. మించడం అసలే కూడదు. చిన్నప్పటి నుంచీ నేను దాన్నే వేదంలా నమ్మాను.

ఆ నమ్మకాన్ని వెంటబెట్టుకునే అట్లాంటాలో మొదటిసారి జాజ్ వాయించడానికి వెళ్లాను. అప్పటికి పగలంతా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని, ఇప్పటికీ అదే పని. ఆదివారం మధ్యాహ్నాలు ఒక పాత రెస్టారెంటు వెనక గదిలో ఎవరైనా వెళ్లి వాయించుకోవచ్చు. సాక్సాఫోన్ అతను తన వంతు వాయించి, ఇక నువ్వు కానీ అన్నట్టు నా వైపు తల ఊపాడు. నేనేం చేశాను? అతను వాయించిన చివరి ముక్కని పొల్లుపోకుండా అతనికే తిరిగి అప్పజెప్పాను. మన దగ్గరైతే భలే అని తొడమీద చరుచుకుంటారు. అతని మొహం మాడిపోయింది. వెక్కిరిస్తున్నాననుకున్నాడు. ఇంకోటి వాయించాడు, అంతకంటే కష్టమైనది. నేను అదీ అప్పజెప్పాను, గర్వంగా! డ్రమ్స్ ఆగిపోయాయి.

అక్కడ పెద్ద దిక్కు, మనిషంత ఎత్తున్న డబుల్ బేస్ వాయించే ఒక నల్లజాతి పెద్దాయన. ఆయన నన్ను పక్కకి పిలిచి మెల్లగా అడిగాడు. "అతనేం చెప్పాడో మేమంతా విన్నాం తల్లీ. ఇంతకీ నువ్వేం చెప్తావు?"

అన్నేళ్లు నేర్చుకున్నాను, అన్ని కచేరీల్లో వాయించాను, ఆ మాట నన్ను అడిగిన నాథుడే లేడు. సిగ్గుతో చచ్చిపోయాను. కొన్నాళ్లు ఫిడేలు పెట్టె తెరవలేదు. తర్వాత పంతం పట్టి మళ్లీ వెళ్లాను. సొంతంగా ఒక ముక్క వాయించడానికి ఏళ్లు పట్టింది. ఇప్పుడు ఆ పెద్దాయన బృందంలో నేనే ముందు నిలబడి వాయిస్తాను, సగం పాటలు నేను కట్టినవే.

ఆ జాజ్ లోకంలో మాత్రం అందరూ మహానుభావులని కాదు. ఒక ఫెస్టివల్ వాళ్లు పిలిచి, పట్టుచీర కట్టుకుని నేలమీద కూర్చుని కాస్త "మిస్టిక్"గా వాయించమన్నారు. వాళ్ల మిస్టిక్ తగలెయ్య! జీన్స్ వేసుకుని నిలబడే వాయించి వచ్చాను. మళ్లీ పిలవలేదు.

మొన్న ఉగాదికి మా ఊళ్లో ఒక తెలుగు సంఘం వాళ్లు మా బృందాన్ని పిలిస్తే అందుకే ఎగిరి గంతేశాను. మనవాళ్ల ముందు, నా సంగీతం! అంతకంటే ముఖ్యం, గురువుగారు అప్పుడు ఇక్కడే ఉన్నారు. కొడుకు ఇంటికి వచ్చారు, ఉగాది మర్నాడే తిరుగు ప్రయాణం. ఆయన వయసుకి మళ్లీ ఇంతదూరం వస్తారన్న ఆశ లేదు. ఇంట్లో వాయించి వినిపిస్తానంటే ఒప్పుకోలేదు. "నలుగురిలో నువ్వెలా వాయిస్తావో వింటానమ్మా" అన్నారు. నాకు కావలసింది అదొక్కటే. ముందు నిలబడి నేను వాయించడం ఆయన ఒక్కసారి వినాలి.

ఆ సాయంత్రం హైస్కూల్ ఆడిటోరియంలో పిల్లల సినిమా డాన్సులు ఒకదాని వెనక ఒకటి నడిచాయి. తర్వాత ముఖ్య అతిథి ప్రసంగం. తర్వాత ఇళ్లు అమ్మే స్పాన్సర్ ప్రసంగం. మేము తెరవెనక నిలబడే ఉన్నాం. బేస్ పెద్దాయన సూటు వేసుకుని, అంత పెద్ద వాద్యాన్నీ శ్రుతి చేసి పెట్టుకున్నాడు. అప్పుడు వచ్చాడు కల్చరల్ సెక్రటరీ, చేతిలో సమోసాతో.

"మేడమ్, ఏమనుకోవద్దు, టైమ్ అయిపోయింది. స్కూల్ వాళ్లకి హాల్ హ్యాండోవర్ చేసెయ్యాలి. మీ బ్యాండ్ స్లాట్ డ్రాప్ చేస్తున్నాం."

"డ్రాప్ చేస్తున్నారా?"

"మిమ్మల్ని వేస్ట్ చెయ్యంలెండి. ప్రెసిడెంట్ గారి పాప క్లాసికల్ సాంగ్ ఒకటి పాడుతోంది. మీరు పక్కన కూర్చుని వాయించెయ్యండి. ఫైవ్ మినిట్సే."

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇళ్లు అమ్ముకోవడానికి అరగంట ఇచ్చారే, ఈ పెద్దమనిషిని పిలిచి తెరవెనక నిలబెట్టడానికి మీకు సిగ్గుగా లేదూ?" అని అరిచాను. ఆ గొడవ విని గురువుగారు హాల్లోంచి లేచి లోపలికి వచ్చారు. సంగతంతా విన్నారు.

"ఊరుకోమ్మా. చిన్నపిల్ల, వాయించి పెట్టు. పోయేదేముంది?"

"పోయేదేముందా! నేను వాయించను గురువుగారూ."

ఆయన మాటకి ఎదురు చెప్పడం నా జన్మలో అదే మొదలు. ఆయనకి కోపం రాలేదు. తెర సందులోంచి స్టేజీ వైపు చూశారు. "పాపం, పిల్ల ఒక్కతే కూర్చుంది" అంటూ నా చేతిలోంచి ఫిడేలు, కమాను తీసుకుని, పంచె సర్దుకుంటూ వెళ్లిపోయారు.

పాప బాగానే పాడింది. ఆయన నీడలా వెంట నడిచారు. చరణం మధ్యలో పిల్లకి సాహిత్యం గుర్తు రాలేదు. బిక్కమొహం వేసుకుని వాళ్లమ్మ వైపు చూసింది. అలాంటప్పుడు పాట పడిపోకుండా పట్టుకోవడం ఫిడేలు పని, ఆయన పట్టుకున్నారు. పిల్ల ఎంతకీ అందుకోలేదు. ఇంక అందించడం మానేసి, ఆయన తనంతట తను వాయించడం మొదలుపెట్టారు. అదే రాగం, కానీ ఆయన దగ్గర అన్నేళ్లు కూర్చున్న నేను కూడా ఎన్నడూ విననిది. కింది తీగ మీద తడుముకుంటున్నట్టు మొదలై, ఒక్కో స్వరం దగ్గర ఆగి చూసుకుంటూ పైకి వెళ్తోంది. బేస్ పెద్దాయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఎవరాయన?"

"మా గురువుగారు."

"ఇన్నాళ్లూ ఈయన్ని ఎక్కడ దాచారు?"

నేను జవాబు చెప్పేలోపే యాంకర్ మైకుతో స్టేజీ మీదికి పరుగెత్తుకొచ్చింది. "బిగ్ హ్యాండ్ ఫర్ అవర్ లిటిల్ సింగర్!" హాలంతా చప్పట్లు. గురువుగారు స్వరం మధ్యలోనే కమాను ఎత్తేశారు. ఎవరో స్విచ్చి నొక్కినట్టు! పిల్లకి శాలువా కప్పారు. ఫోటో తీసే కుర్రాడు "అంకుల్, కొంచెం సైడ్‌కి" అన్నాడు. ఆయన నవ్వుతూ పక్కకి జరిగారు.

సెక్రటరీని మళ్లీ నిలదీశాను. "ప్రోగ్రామ్ సక్సెస్ అయ్యింది కదా మేడమ్, సీన్ ఎందుకు చేస్తారు? పులిహోర తిని వెళ్లండి" అన్నాడు. ఆ పులిహోర తీసుకెళ్లి వాడి నెత్తిన కుమ్మరించనందుకు ఈ రోజుకీ బాధపడుతున్నాను.

గురువుగారిని కొడుకు ఇంటి దగ్గర దింపడానికి కారులో తీసుకెళ్లాను. దారంతా తిట్లే, నావి. రేపు వెళ్లిపోతున్నారు, నేను వాయించేది మీరు విననే లేదని ఏడ్చాను కూడా.

"ఆ పిల్ల శ్రుతి బాగుందమ్మా" అన్నారాయన.

సిగ్నల్ దగ్గర కారు ఆగింది. నేను కళ్లు తుడుచుకున్నాను. "పాప ఆగిపోయినప్పుడు పైకి వెళ్తున్నారే, అది ఎక్కడిదాకా వెళ్లేది గురువుగారూ?"

ఆయన వేళ్లు తొడమీద తీగల్ని వెతుక్కున్నాయి, ఒకచోట ఆగిపోయాయి.

"ఏమోనమ్మా" అన్నారు. "నన్నెప్పుడూ అంతవరకే వెళ్లనిచ్చారు."