తెర మీద మనిషికి చెయ్యెత్తిన బాపు

దెయ్యాలను నేను నమ్మను. ఈ మాట రాస్తున్నప్పుడు కూడా నమ్మడం లేదు. దెయ్యం సినిమా చూస్తున్నా నా ధ్యాసంతా లైటు ఎక్కడ పెట్టారా అన్నదాని మీదే ఉంటుంది. సరదా అంతా పాడు చేస్తానని మా ఆవిడ నన్ను పక్కన కూర్చోనివ్వదు. అలాంటివాణ్ణి ఒక డాక్యుమెంటరీ దగ్గర భయపడ్డాను. అదీ పట్టపగలు, నిండా మనుషులున్న హాల్లో.

పుట్టింది సిరిసిల్ల వైపు, పెరిగింది సూరత్‌లోని లింబాయత్‌లో. ఇప్పుడు హజీరాలో ఒక కంపెనీలో ఇంజనీరుగా చేస్తున్నాను. నెలకో ఆదివారం లింబాయత్‌లో మా తెలుగువాళ్ళ హాల్లో సినిమాలు వేస్తాను. ప్రొజెక్టర్ నాదే, తెర నాదే, తిట్లు కూడా నాకే.

ఏ సినిమా వెయ్యాలన్నది సగం పని. ఏది ముందు, ఏది వెనక అన్నది మిగతా సగం. బరువైనది ముందు పెడితే జనం చాయ్‌కని లేచి మళ్ళీ రారు. నవ్వించేది చివర పెడితే చూసిందంతా మరిచిపోయి ఇళ్ళకు పోతారు. నాకు కావలసింది సినిమా అయ్యాక వాళ్ళు మాట్లాడుకోవడం. ఇంకో అలవాటు కూడా ఉంది. సినిమా నడుస్తుంటే నేను తెరను చూడను, గోడ పక్కన నిలబడి చూసేవాళ్ళ మొహాలు చూస్తాను. ఎక్కడ కదిలారు, ఎక్కడ ఫోన్ తీశారు అన్నది తెలిస్తేనే వచ్చే నెల ఏం వెయ్యాలో తెలుస్తుంది. ఈ పాడు అలవాటు లేకపోతే నాకు ఇవాళ ఇంత గుంజాటన ఉండేది కాదు.

ఆ డాక్యుమెంటరీని హైదరాబాద్ అమ్మాయి ఒకామె సూరత్ దగ్గరి జోల్వాలో తీసింది, మా బాపు పనిచేసే కార్ఖానాలోనే. బాపు అంటే మా నాన్న రాజేశం. ఆయన వయసంతా సాంచాల మీదే గడిచింది. మరమగ్గాలను మేం సాంచాలంటాం. సినిమాలో ఎక్కువసేపు కనిపించేది సత్తయ్య మామ. బాపుకి వరసకు బావ, పక్క సాంచాలు నడిపేవాడు. సినిమా తయారై రాకముందే గుండె ఆగి పోయాడు.

దాన్ని వెయ్యడంలో నా స్వార్థం నాకుంది. బాపుకి దగ్గు ఎంతకీ తగ్గదు. కార్ఖానా దుమ్ములోంచి బయటికి రాకపోతే ఊపిరితిత్తులు దక్కవని డాక్టర్ మొహం మీదే చెప్పాడు. బతిమాలాను, పోట్లాడాను, అన్నం మానేశాను. చివరికి ఒప్పుకున్నాడు. సోమవారం పోయి కార్ఖానా మాస్టర్‌కి చెప్పి వచ్చేస్తానన్నాడు. మళ్ళీ మనసు మారుతుందేమోనని నాకు భయం. పోయిన బావను తెర మీద చూస్తే ఆ మాట మీదే నిలబడతాడని, సరిగ్గా ముందు రోజు ఆదివారం ఆ సినిమా పెట్టాను. మొదట ఒక నవ్వుల చిన్న సినిమా, తర్వాత ఇది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సాంచాల రొదలో గొంతు పనికిరాదు. అక్కడ పనిచేసేవాళ్ళు పెదాలు చూసి మాట అందుకుంటారు, చేతులతో జవాబు చెబుతారు. ఎవరికైనా బయటికి పోవలసి వస్తే పక్కవాడికి తన సాంచాలు చూపించి, అరచెయ్యి గుండె మీద పెట్టుకుంటాడు. జర చూస్తుండు అని దానర్థం. పక్కవాడు కుడి చెయ్యి తల మీదికెత్తితే ఒప్పుకున్నట్టు. ఒకసారి ఎత్తాడా, అడిగినవాడు తిరిగొచ్చేదాకా చాయ్‌కి కూడా కదలడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, ఈ మాట తప్పినవాణ్ణి నేనెరగను.

సినిమా చివరలో ఒక షాట్ ఉంది. సత్తయ్య మామ సాంచా మీద నుంచి తల తిప్పి, మనకు కనిపించని ఎవరితోనో ఏదో అంటాడు. వినిపించేది రొద ఒక్కటే. కింద అక్షరాలు కూడా వెయ్యలేదు ఆ అమ్మాయి. ఇంట్లో ఎన్నిసార్లు చూశానో. పోగు తెగిందంటాడు, రెండు వేళ్ళు విడదీసి చూపిస్తాడు. అంతే.

ఆ ఆదివారం ఆ షాట్ వచ్చినప్పుడు నేను అలవాటు ప్రకారం బాపు మొహం చూస్తున్నాను. మొదటి వరసలో కూర్చున్నాడు. పోయిన బావ కనిపించినంతసేపూ చిన్నగా నవ్వుతూనే ఉన్నాడు. ఉన్నట్టుండి నవ్వు ఆగింది. కుడి చెయ్యి పైకి లేచింది, తల మీదుగా, నిండుగా. నేను గభాల్న తెర వైపు తిరిగేసరికి షాట్ మారిపోయింది.

లైట్లు వేశాక మామూలుగా అయితే నేనే మాటలు మొదలుపెట్టాలి. ఆ రోజు నేనింకా బాపు చెయ్యి వైపే చూస్తున్నాను. మా వీధిలో ఉండే నర్సయ్య లేచాడు. ప్రతి సినిమాకూ వంక పెట్టే మనిషి. రోజూ చూసే సాంచాలను మళ్ళా తెర మీద చూసుడేందని తిడతాడనుకున్నాను.

"ఏంది రాజేశం, చెయ్యెందుకు ఎత్తినవ్?" అన్నాడు.

"బావ అడిగిండు గదా, సాంచాలు జర చూడుమని."

"అడిగిండు. నేను గూడ చూసిన," అన్నాడు నర్సయ్య. "అడిగితే మాత్రం నువ్వెందుకు ఎత్తాలె?"

ఇంకో ఇద్దరు తామూ చూశామన్నారు. మరికొందరు అదేం లేదు, పోగు తెగిందన్నాడు అన్నారు. ఆ రోజు ఎవరూ సినిమా గురించి మాట్లాడలేదు. చాయ్ తాగకుండానే లేచిపోయారు.

సోమవారం బాపు పని మానేస్తానని చెప్పడానికే పోయాడు. ఉధ్నా దాకా నేనే దింపాను, అక్కడ షేర్ ఆటో ఎక్కాడు. రాత్రయ్యే వేళకు బట్టల నిండా దుమ్ముతో వచ్చాడు. సత్తయ్య మామ పోయాక ఆయన సాంచాలు నడుపుతున్న మనిషి, ఆ ఆదివారమే ఎవరికీ చెప్పకుండా ఊరికి వెళ్ళిపోయాడట. ఇంకో మనిషి దొరికేదాకా రెండు రోజులు ఆ సాంచాలు చూడమని మాస్టర్ అడిగాడట.

రెండు రోజులు నెలలయ్యాయి. కొత్తవాళ్ళు వచ్చారు, వేరే సాంచాల మీదికి పోయారు. బాపు మాత్రం ఆ సాంచాలు వదలడు. దగ్గు పక్క గదిలోకి వినిపిస్తుంటుంది. నాకు కోపం వస్తుంది, ఆ వెనకే ఏడుపు వస్తుంది.

"చూస్త అని చెయ్యెత్తిన గదా బిడ్డా. ఎట్ల ఇడిచిపెట్టి వస్త?" అంటాడు.

ఆ హైదరాబాద్ అమ్మాయికి ఫోన్ చేశాను. ఆ షాట్ ఇంకో రకంగా ఏమైనా తీశావా అని అడిగాను. ఒక్కసారే తీశానంది. నా దగ్గరున్నదీ ఒకటే కాపీ, హాల్లో వేసింది అదే. ల్యాప్‌టాప్‌లో ఆపి ఆపి చూశాను. పోగు తెగిందనే అంటాడు. గుండె మీద చెయ్యి పెట్టుకోడు. బాపుని కూర్చోబెట్టి చూపించాను. ఓపిగ్గా చూశాడు.

"గిది గాదు. గిది ఆ రోజు కార్ఖానల నాతోనే అన్నది, నాకు యాదికున్నది. హాల్ల అన్నది వేరే," అన్నాడు.

చూసినవాళ్ళు ముగ్గురూ పొరపడ్డారా? బాపు దుఃఖంలో చూడాలనుకున్నదే చూశాడా? అలాగే అయ్యుంటుందని నాకు నేను చెప్పుకుంటాను. మరి మామ సాంచాలు నడిపే ఆ మనిషి ఆ రోజే ఎందుకు ఊరెళ్ళిపోయాడు అన్న దగ్గర నా తెలివి ఆగిపోతుంది. ఒక్కసారి, ఆ ఒక్క షాట్‌లో, నేను తెర వైపు చూసి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ప్రతి నెలా సినిమాలు ఎంచుకునే రోజున బాపు నా పక్కన వచ్చి కూర్చుంటాడు.

"ఈసారన్న సత్తయ్య సినిమా ఏస్తవా?"

"ఎందుకు బాపూ?"

"ఇంకెంతసేపు చూడాలెనని బావను అడుగుత."

వేస్తే మామ పోగు తెగిందని మాత్రమే అంటాడేమో, బాపు ఇలాగే దగ్గుతూ కాచుకుని ఉంటాడు. లేదా ఈసారి ఇంకేదైనా అంటాడేమో. మామ ఏమన్నా సరే, బాపు కాదనడు. ఈ రెంటిలో దేనికి ఎక్కువ భయపడుతున్నానో నాకే తెలియదు.

ఈ నెల కూడా నవ్వుల సినిమాయే పెట్టాను. బాపు వచ్చి మొదటి వరసలో కూర్చున్నాడు, కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని.