అత్తగారి ముక్కాలిపీట

1897 జూన్‌లో రాజమహేంద్రవరంలోని ఒక మిషను ఆడవాళ్ల ఆసుపత్రిలో, ఆపరేషను వార్డుకి నన్ను రెండో తరగతి నర్సుగా వేశారు. పెళ్లయి ఉద్యోగం మానేదాకా అక్కడే పనిచేశాను. మనుషులతో కంటే డైరీతోనే ఎక్కువ మాట్లాడేదాన్ని.

ఆ నెల్లోనే నూకాలు అనే చేపలు పట్టే ఇంటి కోడలికి కడుపులో కణితి తీశారు. మనిషి ఎముకల గూడు. పైగా జ్వరం, చెమట. ఇలాంటివాళ్లు కదలకుండా వెల్లకిలా పడుంటే, ఒంటి బరువుకి నడుం కింద ఎముక దగ్గర చర్మం నలిగి పుండు పడుతుంది. దుప్పటిలో ఒక్క ముడత ఉన్నా చాలు. దాన్ని పడక పుండు అంటాం. అది లోతుకి దిగితే ఆపరేషను తట్టుకున్న మనిషి కూడా దక్కకపోవచ్చు. నాలుగో రోజు వీపు తుడుస్తుంటే నూకాలుకి సరిగ్గా అక్కడే ఎర్రటి మచ్చ కనిపించింది.

రెండు గంటలకోసారి పక్కకి తిప్పమన్నారు డాక్టరమ్మగారు. నూకాలు ససేమిరా అంది. తిరిగితే కుట్లు ఊడిపోతాయని అత్త పోలమ్మ భయపెట్టిందట.

“వలలు కుట్టే చెయ్యండి నాది. కొత్త కుట్టు లాగకూడదని నాకు తెలీదా?” అంది పోలమ్మ.

దుప్పటి ముడతలు సర్దుతూ ఒకటి గమనించాను. అత్త సణుగుడు మొదలెడితే కోడలు మొహం అటు తిప్పేసుకుంటుంది. కోపం ముదిరితే మొహం వెంట నడుమూ తిరుగుతుంది. ఆ క్షణాన వీపు వెనక దిండు దోపితే నా పని అయిపోయినట్టే.

అప్పట్నుంచి రెండు గంటలకోసారి చీపురు పట్టుకుని, “కాస్త అటు కూర్చుంటారాండీ, తుడవాలి” అని పోలమ్మ ముక్కాలిపీటని మంచానికి రెండో వైపు మార్పించేదాన్ని. ఆవిడ కూర్చోగానే, “మీ కోడలు పులుసు బాగా పెడుతుందటండీ” అనేదాన్ని. ఆవిడ సణుగుడు మొదలెట్టడానికి ఆ ఒక్క ముక్క చాలేది.

ఇలా తుడవడం మొదలెట్టిన మూడో రోజు పోలమ్మ నిలదీసింది. “ఏంటమ్మాయ్, వార్డంతా వదిలేసి నా పీట కిందే తుడుస్తావు?”

ఇక దాచలేక నూకాలు వీపు చూపించాను. మచ్చ సగం వెలిసింది. కుట్ల మీది కట్టు చెక్కుచెదరలేదు. సంగతంతా చెప్పాను.

పోలమ్మ వంగి కట్టు చూసి, “ముందే చెప్తే ఇంకా గట్టిగా తిట్టేదాన్ని కదా” అంది.

“మా పుట్టింటోళ్ల మాటెత్తు అత్తా, తొందరగా తిరుగుతాను” అంది నూకాలు.

చర్మం చిట్లలేదు. మూడు వారాలకి నూకాలు నడిచి ఇంటికెళ్లింది.

బక్కతనం, జ్వరం, తడి, ముడత, ఇవన్నీ పెద్ద నర్సుగారు మాకు నేర్పిన పడక పుండు కారణాల జాబితాలో ఉన్నాయి. భయం మాత్రం అందులో లేదు. అది నేను రాసుకున్నాను. రోగి కదలకపోతే ఎందుకు కదలడం లేదో ముందు అడిగి, కట్టు చూపించి చెప్పాలి. నోరు తెరిచి చెప్పడానికి సిగ్గుపడి మూడు రోజులు నేల తుడిచాను.