చెప్పింది సుజాతమ్మ, పేరు అమరనాథ్‌ది

దిబ్బూరహళ్ళి సుజాతమ్మకు మూడేళ్ళ కిందట ఒక శాలువా రావాల్సింది. వచ్చింది కూడా, కానీ ఆమె భుజాల మీదికి కాదు. ఆ ఏడు చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలోకీ మేలైన పట్టుగూళ్ళు తీసిన ఇల్లు వాళ్ళదేనని తేలింది. పట్టు రైతుల మేళాలో మైకు పట్టుకున్నాయన "ఉత్తమ రేష్మె రైతు రామచంద్రప్ప!" అని పిలిచాడు. రేష్మె అంటే కన్నడంలో పట్టు. రామచంద్రప్ప సుజాతమ్మ భర్త. మంచివాడే. మల్బరీ తోటకు నీళ్ళు కడతాడు, ఆకు కోసి తెచ్చి వాకిట్లో దించుతాడు. అక్కడితో ఆయన పని సరి. బీడీ వాసన పురుగులకు పడదని ఇరవై ఆరేళ్ళుగా సుజాతమ్మ ఆయన్ని పురుగుల ఇంటి గడప దాటనివ్వలేదు. ఆ గడప లోపల జరిగిన పనికి ఆయనకు శాలువా కప్పారు. మూడో వరసలో కూర్చున్న సుజాతమ్మ చప్పట్లు కొట్టింది. ఇంటికొచ్చాక ఆ శాలువాను ఉతికి మడత పెట్టింది కూడా ఆమే.

"ఎవరి మీదుంటే ఏమిలే, చలికాలానికి పనికొస్తుంది" అంది. అంతే. ఇంకో మాట లేదు.

అదే అన్యాయం ఆమెకు రెండోసారి జరిగింది. ఈసారి కంప్యూటర్ ఆట దగ్గర.

కొడుకు అమరనాథ్ చింతామణిలో డిగ్రీ చదివి, అక్కడే ఒక మందుల షాపులో పనిచేస్తున్నాడు. వాడు హాస్టలు ఖాళీ చేసినప్పుడు తన పాత కంప్యూటర్ ఇంటికి తెచ్చిపెట్టాడు. అందులో ఒక ఆట ఉంది. దాని అసలు పేరు బారెడు ఇంగ్లీషు పేరు. చింతామణి, బాగేపల్లి కుర్రకారు దాన్ని 'జోడి' అంటారు. ఆటగాడు రెండు జంతువుల్ని ఎంచుకుని, ఒకదాని తల, ఒకదాని కాళ్ళు, ఒకదాని కడుపు అతికించి కొత్త జీవిని తయారు చేస్తాడు. అలాంటివాటిని మందగా పెంచి, ఎదుటివాడి మంద మీదికి తోలుతాడు. ఒకరి తర్వాత ఒకరు ఆడేది కాదు. ఇద్దరి మందలూ ఒకేసారి కదులుతూనే ఉంటాయి. ఆలోచిస్తూ కూర్చుంటే ఎదుటివాడు వచ్చి తొక్కేస్తాడు.

పట్టుపురుగుల పంటకూ పంటకూ నడుమ పురుగుల ఇల్లు కడిగి, సున్నం కొట్టి, పది పన్నెండు రోజులు మూసిపెడతారు. సుజాతమ్మకు ఏడాది మొత్తంలో దొరికే సెలవులు అవే. అలాంటి ఒక మధ్యాహ్నం ఆమె కొడుకు వెనక నిలబడి తెర వైపు చూసింది.

"ఏంది నాయనా ఇది? పులి తలకాయకి చేప తోక తగిలిచ్చినావు?"

"నీళ్ళలో కూడా కొట్లాడల్ల కదమ్మా."

"పళ్ళు పులివి సరే, కడుపు గూడా పులిదే పెట్టినావే. దానికి మేత యాడనుంచి తెస్తావు? కడుపు మేకది పెట్టు. దొరికింది తిని బతుకుతాది."

అమరనాథ్ నవ్వాడు. నవ్వుతూనే మేక కడుపు పెట్టి చూశాడు. ఆ రోజు గెలిచాడు.

సుజాతమ్మకు ఇది కొత్త విద్య కాదు. వాళ్ళు పెంచే పచ్చగూళ్ళ పురుగు కూడా జోడీయే. తల్లి ఈ నేలది, తండ్రి దూరదేశపు జాతిది. తల్లి నుంచి ఓపిక వస్తుంది, తండ్రి నుంచి పొడుగాటి దారం వస్తుంది. రెండూ తండ్రివే కావాలనుకున్నవాడు ఎండాకాలంలో తట్టలు కడుక్కుని కూర్చోవాలి. ఆమె ఒక నెలలో మౌస్ పట్టడం నేర్చింది, రెండో నెలకు కొడుకును కుర్చీలోంచి లేపింది.

అంత తెలిసిన మనిషి కూడా ఒకప్పుడు పెద్ద తప్పే చేసింది. ఆమె పుట్టిల్లు పాతపాళ్య. వేరుశనగ, రాగి తప్ప పురుగును పెంచడమంటే తెలియని మెట్ట ఊరు. కాపురానికొచ్చిన కొత్తలో ఒక పొద్దున తట్ట నిండా పురుగులు ఆకు ముట్టకుండా, తల పైకెత్తి, కదలకుండా ఉన్నాయి. జబ్బు పడ్డాయనుకుంది. మిగతావాటికి అంటుకుంటుందని భయపడి తట్టనంతా తీసుకెళ్ళి కోళ్ళకు పోసింది. కోళ్ళు పండగ చేసుకున్నాయి. అత్త అక్కయమ్మ తలకొట్టుకుంది. అవి జబ్బు పడలేదు, జ్వరానికి కూర్చున్నాయి. పురుగు పాత తోలు విడిచి కొత్త తోలు తొడుక్కునే ముందు ఒక రోజంతా అట్లా ఊరకే ఉంటుంది. దాన్నే జ్వరమంటారు. పురుగు బతుకులో అట్లాంటివి నాలుగు. అప్పుడు ఆకు వెయ్యకూడదు, కదపకూడదు. సున్నం చల్లి వదిలేయాలి. లేచాక రెండింతలు తింటుంది. అక్కయమ్మ ఇప్పటికీ ఇంటికొచ్చిన చుట్టాలకు కాఫీ కన్నా ముందు ఈ కథే పోస్తుంది.

జోడి ఆడేవాళ్ళకు ఫోన్లో ఒక గుంపు ఉంది. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు వాళ్ళు నలభైమంది దాకా ఉంటారు. ఆట మీద ఎవరి అభిప్రాయం వాళ్ళు రాసుకుంటారు. అనీష్ అనే అతను "బొమ్మలు మా తాత కళ్ళద్దాలంత పాతవి, అయినా వదలబుద్ధి కాదు" అని రాశాడు. బాగేపల్లి దేవరాజ్ అందరికన్నా గట్టి ఆటగాడు. "ఈ ఆటలో ఓపిక్కి విలువ లేదు. మొదటి ఐదు నిమిషాల్లో మీద పడినోడిదే గెలుపు" అన్నది అతని సిద్ధాంతం.

దాన్ని అమరనాథ్ చదివి వినిపించగానే సుజాతమ్మకు ఒళ్ళు మండింది.

"రాయి నాయనా, నేను చెప్తా. రెండు జంతువుల్ని అతకడం తెలివి కాదు, అతికినదాన్ని బతికించడం తెలివి. ఈ ఆటలో మురికి నీళ్ళ పక్కన తిరిగినవాటికి జబ్బు చేస్తాది. జబ్బు చేసినదాన్ని మొహమాటం లేకుండా తీసెయ్యండి, ఒకటి మందనంతా చెరుపుతాది. పై మెట్టుకి ఎక్కేటప్పుడు మాత్రం తల పైకెత్తి ఊరకే ఉంటాయి. అప్పుడు వాటి జోలికి పోవద్దు. ఇంకోటి. ఈ ఆటలో మేతకి ఎప్పుడూ కరువు రాదు. చేసినోడు ఎండాకాలం చూసినట్టు లేదు. అదే దీంట్లో లోపం."

అమరనాథ్ ఉన్నదున్నట్టు టైపు చేశాడు. కింద తన పేరు పెట్టాడు.

"నీ పేరు పెడితే నన్ను ఏడిపిస్తారుమా. అమ్మతో ఆడతాండాడు అంటారు."

"పోనీలే నాయనా" అంది సుజాతమ్మ. శాలువా ఉతికి మడత పెట్టినప్పటి గొంతే అది.

పద్నాలుగు నెలలు అట్లా నడిచింది. అమరనాథ్ అభిప్రాయాల కోసం గుంపు ఎదురుచూసేది. కొందరు 'గురూ' అని పిలవసాగారు. వాడికీ అది తీపిగానే ఉంది.

చింతామణిలో బాలచంద్రది కాగితాలు, పెన్నుల దుకాణం. వెనక గదిలో ఎనిమిది కంప్యూటర్లు పెట్టి జోడి ఆడిస్తాడు. తాతల నాటి వ్యాపారస్తుడు, జనాన్ని రప్పించడం తెలిసినవాడు. అన్నిటికన్నా మంచి అభిప్రాయానికి నిలువెత్తు ఫ్లెక్స్ వేయించి, రాసినవాళ్ళ ఫోటోతో, పేరుతో దుకాణం ముందు కట్టిస్తానన్నాడు. గుంపంతా చేతులెత్తి మేత కరువు అభిప్రాయాన్నే ఎంచింది. చింతామణిలో ఫ్లెక్స్ మీద మొహం పడాలంటే ఎలక్షనన్నా రావాలి, పుట్టినరోజన్నా రావాలి. అమరనాథ్ కొత్త చొక్కా తొడుక్కుని ఫోటో దిగాడు.

ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు సుజాతమ్మ గూళ్ళు ఏరుతోంది. చేతులు ఆగాయి.

"ఫ్లెక్స్ మీద నా మాటలు ఉంటాయా?"

"ఉంటాయమ్మా, పెద్దక్షరాల్లో."

"కింద?"

అమరనాథ్ వంగి తనూ గూళ్ళు ఏరసాగాడు. ఆమె "పోనీలే" అనలేదు. అది వాడికి వినిపించింది.

ఆదివారం. ఫ్లెక్స్ అచ్చుకు పోయే ముందు, రాసినవాడు దేవరాజ్‌తో ఒక ఆట ఆడి తన మాట నిరూపించాలని బాలచంద్ర మెలిక పెట్టాడు. ఆ పొద్దున గూళ్ళు మార్కెట్లో అమ్మేసి, సుజాతమ్మ కూడా కొడుకు వెంట దుకాణానికొచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి కింద వెతికింది.

"సున్నం యాడ పెట్టినారప్పా? కాళ్ళకి అద్దుకోని లోపలికి వస్తా."

గది గొల్లుమంది. "ఇది పురుగుల ఇల్లు కాదమ్మా, రండి రండి" అని బాలచంద్ర స్టూలు వేశాడు. "ఎనిమిది మిషన్లుండాయి, ఒక్కటి గూడా ఆకు తినదు."

"తినకుండానే ఇంత వేడా?" అంది ఆమె కూర్చుంటూ.

ఆట మొదలైంది. దేవరాజ్ కందిరీగ రెక్కల తోడేళ్ళను తయారు చేసి, తన సిద్ధాంతం ప్రకారమే వేగంగా మీదికొచ్చాడు. అమరనాథ్ గోడ కట్టి రెండు దెబ్బలు కాచుకున్నాడు. పన్నెండు జీవుల్ని చివరి మెట్టుకు ఎక్కించడానికి పెట్టాడు. అవి తల పైకెత్తి, కదలకుండా కూర్చున్నాయి. వెనక నుంచి ఇరవైమంది చూస్తున్నారు. అమరనాథ్‌కు చెమట పట్టింది. ఇంట్లో ఆట ఇక్కడికి వచ్చేసరికి మౌస్ ఎప్పుడూ అమ్మ చేతిలో ఉండేది. కదలని జీవుల్ని చూడగానే వాడికి తాను టైపు చేసిన వాక్యం ఒక్కటే గుర్తొచ్చింది: జబ్బు చేసినదాన్ని తీసెయ్యండి. ఒకటి తీసేశాడు. రెండోది. మూడోది.

"ఒరేయ్ అమరా!" సుజాతమ్మ స్టూలు మీంచి లేచింది. "అవి జబ్బు పళ్ళేదురా, జ్వరానికి కూర్చోనుండాయి! కోళ్ళకి పోస్తాండావా వాటిని?"

ఇరవై తలలూ ఆమె వైపు తిరిగాయి. ఆట మాత్రం ఆగలేదు. దేవరాజ్ తోడేళ్ళు గోడ దాకా వచ్చేశాయి. అమరనాథ్ మౌస్ వదిలేసి కుర్చీలోంచి లేచాడు.

"కూర్చోమ్మా" అన్నాడు. తర్వాత అందరి వైపూ తిరిగి, "రాసింది నేను. చెప్పిందంతా మా అమ్మే. ఈ పద్నాలుగు నెలలూ" అన్నాడు.

"అంటే నువ్వు టైపిస్టువా గురూ?" అని అనీష్ అరిచాడు. నవ్వులు. అమరనాథ్ కూడా నవ్వాడు, చెవులు ఎర్రబడ్డాయి.

సుజాతమ్మ ఎవరినీ చూడలేదు. మిగిలిన తొమ్మిదింటినీ ముట్టుకోలేదు. మురికి నీళ్ళు తాగిన ముసలి జీవులు నాలుగు ఒక మూల ఉంటే, వాటిని తీసేసింది. గోడ దగ్గరికి రెండు మేకకడుపు పులుల్ని పంపి తలుపులా నిలబెట్టింది.

"అత్తా, గోడ పడిపోతాంది!" దేవరాజ్ ఉడికించాడు.

"పడనీలేప్పా, లేచేదాకా నిలబడితే సాలు."

గోడ పడింది. తోడేళ్ళు లోపలికొచ్చాయి. అప్పుడే తొమ్మిదీ ఒక్కసారి లేచాయి, కూర్చున్నప్పటికన్నా రెండింతలై. దేవరాజ్ తోడేళ్ళు వచ్చిన దారినే పరిగెత్తాయి. వాటి వెనక ఇవి వెళ్ళి అతని కోటను నమిలేశాయి.

దేవరాజ్ కుర్చీ వెనక్కి నెట్టాడు. "ఓపిక్కి విలువ లేదని రాసినా కదా, దాన్ని కొట్టేస్తాండా. అత్తా, ఇంకో ఆట?"

"ముందు ఇది తేలనీప్పా" అంది సుజాతమ్మ. బాలచంద్ర వైపు తిరిగింది. ఇరవై ఆరేళ్ళలో ఎవరినీ అడగని మాట అడిగింది. "ఫ్లెక్స్ మీద నా పేరు వెయ్యండప్పా."

"వేస్తానమ్మా, తప్పకుండా. సుజాతమ్మ, వైఫ్ ఆఫ్..."

"అది వద్దు."

"అట్ల రాయడం వాడుకేమా..."

"ఆ జీవులు మా ఆయన్ని అడిగి లేచినాయా అప్పా?"

బాలచంద్ర పెన్ను తీసుకుని కొట్టేశాడు. ఫోటో అక్కడే తీశారు. కొంగుకు అంటుకున్న పట్టునూలు పోగు కూడా పడింది అందులో.

ఇప్పుడు చింతామణిలో ఆ దుకాణం ముందు ఆరడుగుల సుజాతమ్మ ఉంది. కింద పెద్దక్షరాల్లో: "ఈ ఆటలో మేతకి ఎప్పుడూ కరువు రాదు. చేసినోడు ఎండాకాలం చూసినట్టు లేదు. - సుజాతమ్మ, దిబ్బూరహళ్ళి." అడుగున చీమంత అక్షరాల్లో "టైపు: అమరనాథ్". అది వాడే అడిగి వేయించుకున్నాడు.

రామచంద్రప్ప బస్సులోంచి దాన్ని చూసి, తన స్టాపు కాకపోయినా దిగిపోయాడట. బీడీ ఆరేదాకా నిలబడి చదివి, ఇంటికొచ్చి "నాకు శాలువానే కప్పిరి, నీకి ఫ్లెక్సే కట్టిరే" అన్నాడు.

"ఆ శాలువా గూడా ఇటియ్యి" అంది సుజాతమ్మ. ఇచ్చేశాడు. తర్వాతి సోమవారం, పట్టు రైతు పాస్ పుస్తకంలో భార్య పేరు కూడా చేర్చమని రేష్మె ఆఫీసులో అర్జీ ఇచ్చి వచ్చాడు. రసీదు ఆమె చేతిలో పెట్టాడు.

పురుగుల ఇళ్ళున్న ప్రతి ఊళ్ళోనూ ఇట్లాంటి సుజాతమ్మలు ఉన్నారు. వాళ్ళందరూ ఆట గెలిచి చూపించే దాకా మనం కాచుకుని ఉండాల్సిన పని లేదు. ఈ వారంలోనే మీ ఇంట్లో పాస్ పుస్తకం తెరవండి. ఆకు వేసే చేయి ఎవరిదో, అందులో పేరు ఎవరిదో చూడండి. రెండూ ఒకటి కాకపోతే, ఆ పేరు చేర్చమని అర్జీ రాసి, ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్ళండి, రసీదు అడిగి తీసుకోండి. మేళాలు జరిపేవాళ్ళు మైకు ముందుకు వచ్చే ముందు ఒక్కసారి మూడో వరసలోకి చూడండి. అమ్మ చెప్పిన మాట ఫోన్లో రాసే కొడుకులు, కూతుళ్ళు కింద అమ్మ పేరే రాయండి. టైపు చేసినవాళ్ళకు చీమంత అక్షరాలు చాలు.