గోరింకలు, వీణ, నా తూకం

ఆ రోజుల్లో తూకానికి లొంగని వస్తువు లోకంలో లేదని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. చింతామణి ఊళ్ళోని టమోటా మండీలో లెక్కలు రాసేవాడికి అలా నమ్మడం సులభం. బుట్టను సరుకుతో సహా తూచి, ఖాళీ బుట్ట బరువు తీసేస్తే మిగిలిందే టమోటా. ఇందులో వాదనకు చోటేదీ? నేను కాలేజీ గడప తొక్కలేదు గానీ, కంప్యూటర్ పుస్తకాలు కొని చదివి, ఆ యంత్రం లెక్కలు కూడా నాకు నేనే నేర్చుకున్నాను. దాంతో బంధువుల్లో నాకొక హోదా వచ్చింది. (ఎవరింట్లో ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా నాకే ఫోను. నేను వెళ్ళి లాగితే అది చిరిగేది. అయినా హోదా తగ్గలేదు.) ఆ హోదానే నన్ను ఒక ద్రాక్ష కాపుకాలమంతా అయోమయంలో ముంచింది.

పేరేసంద్ర దగ్గర మా అక్కాబావలకు ద్రాక్ష తోట ఉంది. బావకు వీణంటే ప్రాణం. షోకేసు నిండా వీణ కచేరీల సీడీలు దాచుకున్నాడు. ఆ ఏడాది గుత్తులు రంగు తిరిగే వేళకు గోరింకలు దిగాయి. పక్క తోటవాళ్ళు పాత సీడీలను దారాలకు కట్టి పందిరికి వేలాడదీశారు. అవి ఎండకు తళుక్కుమంటే పిట్టలు బెదిరిపోతాయట. అక్క చూపు వెంటనే షోకేసు మీద పడింది. నన్ను పిలిపించింది.

"పాటలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించుకోవచ్చంట గదరా. ఇంక ఈ బిళ్ళలు ఇంట్లో ఎందుకు? తోటకన్నా పనికొస్తాయి."

నెల రోజులు ఎండలో వేలాడిన సీడీ మళ్ళీ పాడదని ముగ్గురికీ తెలుసు. బావ ముఖం వాడిపోయింది గానీ గొంతు పెంచలేదు. "సరే. కానీ యా రకంగా ఎక్కిస్తే వీణ చెడకుండా ఉంటాదో తేలాల గదా. ఇంట్లోనే సీడీ నుంచి తీసుకునేదా, ఇంటర్నెట్లో అమ్మే ఆ పెద్ద ఫైళ్ళు కొనేదా? మీ తమ్ముడు లెక్క తెలిసినోడు. ఆయప్ప తేల్చినాక తీసుకపోయి కట్టుకో."

"ఏమ్రా, తేలుస్తావా?"

"దీనికేముందక్కా!" అన్నాను. ఆ మాట అన్న నోటిని తర్వాత చాలా వారాలు తిట్టుకున్నాను.

అప్పటినుంచి ప్రతి ఆదివారం నా ప్రయాణం పేరేసంద్రకే. బావ దగ్గరున్న ఒక కచేరీనే బయటి దేశం సైటులో ఎవరో పెద్ద ఫైలుగా అమ్ముతుంటే కొన్నాం. (అది దిగేలోపు టెలిఫోన్ లైను ఎన్నిసార్లు తెగిందో, అన్నిసార్లు మొదటికొచ్చాం.) అదే కచేరీని సీడీ నుంచి కూడా తీశాను. కాగితం మీద లెక్క తేలిగ్గానే తేలింది. సీడీలో సెకనుకు నలభై నాలుగు వేల నూరు కొలతలు. పెద్ద ఫైలులో తొంభై ఆరు వేలు, అవీ ఇంకా సన్నటి కొలతలు. గుణించి చూస్తే మూడు రెట్ల పైచిలుకు. ఒక బుట్ట ఎదుట మూడు బుట్టలు! తీర్పు అయిపోయిందనుకున్నాను.

అప్పుడు తెలిసింది, ఏ ఫైలునైనా ఒక పద్ధతిలో నొక్కితే దాదాపు సగానికి తగ్గుతుందనీ, విప్పితే ఒక్క అంకె కూడా పోకుండా తిరిగొస్తుందనీ. సగం తీసేసినా సరుకు తగ్గలేదంటే, తీసేసింది ఏమిటి? బుట్టా? అది చాలనట్టు, పెద్ద ఫైలులో ఎక్కువగా ఉన్న శబ్దాల్లో చాలా భాగం మనిషి చెవికి అందనివేనని ఒక పుస్తకంలో చదివాను. వినబడని సరుకును తూకంలో కలపాలా, తీసెయ్యాలా? మండీకి అలాంటి టమోటా ఎన్నడూ రాలేదు.

చివరికి చెవినే అడుగుదామని బావను గోడవైపు తిప్పి కూర్చోబెట్టాను. ఆ వారం నా మొగ్గు పెద్ద ఫైలు వైపు. మొదట అది, తర్వాత ఇంట్లో తీసింది వేశాను.

"రెండోదేనప్పా. తీగ మీద వేలు జారేది కూడా వినిపిస్తాండాది," అన్నాడు బావ కళ్ళు మూసుకుని.

సరే, ఇంట్లో తీసిందే మేలని వారమంతా లెక్కలు తిరగరాసి, మళ్ళీ ఆదివారం దాన్ని మొదట వేశాను.

"రెండోదే. దీంట్లో గాలి ఉండాది."

నాకు మతి పోయింది. శబ్దం ఎక్కువతక్కువలు సరిచేశాను. స్పీకర్ల కింద దుప్పటి మడిచి పెట్టాను. హైవే మీద లారీ పోతే మళ్ళీ మొదటినుంచి. ఒకసారి పెద్ద ఫైలు గెలుస్తుంది, మరోసారి ఓడిపోతుంది. దారపుండ పట్టుకుని అక్క గుమ్మంలో నిలబడేది.

"తేలిందా?"

"ఇంకొక్క వారమక్కా."

"టమోటాలు కూడా ఇట్లనే తూస్తాండావారా? మండీలోనే కుళ్ళిపోతాయి గదా!"

అని విసుక్కుంటూ వెళ్ళి, దొరికిన గిన్నెమూతలన్నీ పందిరికి కట్టుకుంది.

కాపు అయిపోయింది. చివరి గుత్తులు లారీకెక్కిన సాయంత్రం నేను సిగ్గుతో చెప్పేశాను. "బావా, నా వల్ల కాలేదు. నీ చెవికి నిలకడ లేదు."

బావ వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "కోత అయిపాయ గదప్పా. ఇంక చాల్లే."

"అంటే?"

"నీకు నచ్చిందాన్ని నువ్వు ఎప్పుడూ మొదట వేస్తావు. నేను రెండోది, రెండోది అంటా వచ్చినా. నువ్వు తేల్చేసుంటే నా వీణలు ఈపాటికి యాడుండేవి?"

అంకెలతో బతికేవాణ్ణి, వారం వారం అదే జవాబు వస్తోందని ఒక్కసారైనా గమనించలేదు! "మరి నిజంగా ఏది బాగుంది?" అని దీనంగా అడిగాను.

"నాకేం తెలుసప్పా? రెండూ వీణ మాదిరే ఉండాయి."

ఆ రోజు బస్సు మారే చిక్కబళ్ళాపురం దాకా కిటికీవైపే ముఖం తిప్పుకుని కూర్చున్నాను. మరుసటి ఏడాది గుత్తులు రంగు తిరిగే వేళకు బావ ఫోను చేశాడు. "అప్పా, ఇంకా పెద్ద ఫైళ్ళు వచ్చుండాయంట. మీ అక్క దారం కొన్నాది. ఆదివారం వస్తావా?" ఈసారి నా పనేమిటో తెలిసే బయలుదేరాను. తేల్చకుండా ఉంటే చాలు. అయినా బస్సు కదలగానే, ఏమో, ఈసారి నిజంగానే తేలుతుందేమో అనిపించి జేబులోంచి పెన్ను తీశాను. అప్పటి నన్ను, ఆ పెన్ను పట్టినవాణ్ణి, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. పక్క సీట్లో కూర్చుని, వాడి గుణకారం ఒకసారి సరిచూడాలనీ అనిపిస్తుంది.